90 మందిలో జరిగేదే 10 మందిలో జబ్బు ఎందుకవుతోంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, నెలసరి వచ్చే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి ఎండోమెట్రియోసిస్ ఉంది. తలల లెక్కన అది సుమారు 19 కోట్లు. షుగరు, థైరాయిడ్ అంటే మన ఇళ్లలో ఎవరికైనా అర్థమవుతుంది. ఈ జబ్బు పేరు మాత్రం చాలామంది మొదటిసారి వినేది, పెళ్లయి రెండు మూడేళ్లయినా పిల్లలు కలగక ఫెర్టిలిటీ సెంటర్‌కు వెళ్లినప్పుడే. అప్పటికి ఆ అమ్మాయి ఏళ్ల తరబడి ప్రతి నెలా నొప్పి భరిస్తూనే ఉంటుంది. ‘అందరికీ ఉండేదేగా’, ‘పెళ్లయితే తగ్గుతుంది’, ‘ఒక కాన్పయితే సర్దుకుంటుంది’ అన్న మాటలతోనే ఆ ఏళ్లన్నీ గడిచిపోయి ఉంటాయి.

గర్భాశయం లోపలి గోడకు ఉండే మెత్తటి పొరను ఎండోమెట్రియం అంటారు. ప్రతి నెలా అది మందంగా పెరుగుతుంది. గర్భం నిలవకపోతే రాలి, నెలసరిగా బయటికి వచ్చేస్తుంది. అచ్చం ఆ పొరను పోలిన కణజాలమే గర్భాశయం బయట పాతుకుని పెరిగితే అది ఎండోమెట్రియోసిస్. అండాశయాల మీద, ఫెలోపియన్ ట్యూబుల వెనక, గర్భాశయానికీ పెద్దపేగుకీ మధ్య ఉన్న సందులో, మూత్రాశయం మీద ఎక్కువగా కనిపిస్తుంది. అరుదుగా ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం దాకా పాకుతుంది. నెలసరిలో మెలిపెట్టే నొప్పి, భార్యాభర్తలు కలిసినప్పుడు నొప్పి, మల విసర్జనప్పుడు నొప్పి, వదలని నీరసం దీని లక్షణాలు. కొందరికి నొప్పే ఉండదు. పిల్లలు కలగకపోవడం ఒక్కటే బయటపడే గుర్తు.

చాలాకాలం దీన్ని దారి తప్పిన రక్తం తెచ్చే జబ్బుగా చూశారు. గత మూడు దశాబ్దాల పరిశోధన చూపు మార్చింది. రక్తం దారి తప్పడం దాదాపు అందరిలోనూ జరుగుతుంది. కణం తీరు మారడం మాత్రం కొందరిలోనే. ఆ తేడా పట్టుకుంటే నొప్పి ఎందుకు వస్తుందో, పిల్లలు ఎందుకు ఆలస్యమవుతారో, ఏ చికిత్స ఎవరికి పనికొస్తుందో అర్థమవుతుంది. అందుకు కొన్ని అంకెలు సాయం చేస్తాయి.

90 శాతం: వెనక్కి మళ్లే రక్తం

అమెరికాలోని ఆల్బనీలో పనిచేసిన గైనకాలజిస్టు జాన్ శాంప్సన్ 1920ల్లో ఒక వివరణ ఇచ్చాడు. నెలసరి రక్తం అంతా కిందికే రాదు, కొంత ట్యూబుల గుండా వెనక్కి వెళ్లి పొత్తికడుపులో పడుతుంది, అందులోని బతికున్న కణాలు అక్కడే అంటుకుని పెరుగుతాయి అన్నది ఆ వివరణ. 1927లో ఆయన రాసిన వ్యాసం నుంచి ఇప్పటివరకూ ఇదే ప్రధాన సిద్ధాంతం.

1984లో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని అంకెల్లోకి తెచ్చింది. నెలసరి రోజుల్లో లాప్రోస్కోపీ (చిన్న గంటు గుండా కెమెరా పంపి కడుపు లోపల చూడటం) చేసి పొత్తికడుపులోని ద్రవాన్ని పరీక్షిస్తే, ట్యూబులు తెరుచుకుని ఉన్న ఆడవాళ్లలో 90 శాతం మందికి అందులో రక్తం కనిపించింది. ట్యూబులు మూసుకుపోయిన వాళ్లలో 15 శాతం మందికే కనిపించింది. అంటే రక్తం ట్యూబుల గుండానే వెనక్కి వెళ్తోందన్న మాట నిజమే. కానీ అది మామూలు విషయం. 90 శాతం మందిలో జరిగేదానికి 10 శాతం మందే జబ్బు పడుతున్నారు.

పైగా ఈ సిద్ధాంతానికి లొంగని ఉదాహరణలూ ఉన్నాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఏళ్ల తరబడి ఈస్ట్రోజెన్ మందు వాడిన మగవాళ్లలో, చాలా కొద్దిమందిలోనే అయినా, ఈ జబ్బు కనిపించింది. 2009లో ఇటలీ పరిశోధకులు 36 ఆడ పిండాలను పరీక్షిస్తే, నాలుగింటిలో గర్భాశయం బయట ఎండోమెట్రియం లాంటి కణాలు దొరికాయి. పుట్టకముందే తప్పు చోట మిగిలిపోయిన కణాలు, కడుపులోని పొర కణాలే రూపం మార్చుకోవడం, రక్తం ద్వారా లేదా లింఫ్ ద్వారా కణాలు చేరడం కూడా కారణాలు కావచ్చని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఏ దారిన వచ్చినా, అక్కడ బతికి బట్టకట్టగలగడమే అసలు విషయం.

మచ్చలో ఏముంటుంది?

గర్భాశయం బయట పాతుకున్న ఈ కణజాలాన్ని మచ్చ అందాం. ఆపరేషన్‌లో దాన్నుంచి తీసిన చిన్న ముక్కకు రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే పాథాలజిస్టు మూడింటి కోసం వెతుకుతారు. మొదటిది, పొడవాటి కణాలు పక్కపక్కన వరసగా నిలబడి గుండ్రంగా చుట్టుకున్న గ్రంథి. రెండోది, దాని చుట్టూ ముదురు నీలం చుక్కల్లా ఒత్తుగా ఉండే స్ట్రోమా కణాలు. మూడోది, అక్కడక్కడా గోధుమరంగు మరకలు పడ్డ పెద్ద కణాలు. ఈ మూడో రకం మాక్రోఫేజ్‌లు. పాత రక్తాన్ని మింగి, అందులోని ఇనుమును ఒంట్లో దాచుకోవడంతో వాటికి ఆ రంగు వస్తుంది. మచ్చ అక్కడ నెలనెలా రక్తం ఓడుస్తోందనడానికి అదే సాక్ష్యం.

మచ్చ ఏర్పడే క్రమం ఇలా ఉంటుంది. వెనక్కి వచ్చిన కణాల ముద్ద ముందు కడుపు లోపలి పొరకు అంటుకుంటుంది. చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించే ఎంజైములు వదిలి లోపలికి చొచ్చుకుపోతుంది. ఆక్సిజన్ చాలకపోవడంతో వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తుంది. దాంతో కొత్త రక్తనాళాలు దాని వైపు మొలుస్తాయి. వాటి వెంటే నరాల పోగులూ వస్తాయి. మామూలు వాపు దగ్గర నరాలు ఇంతగా పెరగవు. ఈ మచ్చల దగ్గర మాత్రం నరాల పెరుగుదలను ప్రేరేపించే రసాయనాలు ఎక్కువ. అందుకే మచ్చ చిన్నదైనా నొప్పి పెద్దదిగా ఉండొచ్చు.

దారి తప్పిన కణాలను శుభ్రం చేయాల్సిన రోగనిరోధక వ్యవస్థ ఇక్కడ రెండు విధాల విఫలమవుతుంది. అలాంటి కణాలను చంపే నేచురల్ కిల్లర్ కణాల పదును ఈ జబ్బున్న వాళ్లలో తగ్గినట్టు 1990ల మొదటి నుంచీ అధ్యయనాలు చెబుతున్నాయి. మాక్రోఫేజ్‌లేమో పెద్ద సంఖ్యలో చేరతాయి గానీ, మచ్చను తినేయకుండా వాపు పెంచే రసాయనాలు వదులుతాయి, రక్తనాళాల పెరుగుదలకు తోడ్పడతాయి. రక్తం కారడం, వాపు రావడం, మానడం, మళ్లీ కారడం నెలనెలా జరిగి చివరకు ఆ చోటు గట్టిపడుతుంది. అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అండాశయం గర్భాశయానికి, గర్భాశయం పేగుకు అంటుకుపోయేది ఇలాగే.

100 రెట్లు: మచ్చకు సొంత ఈస్ట్రోజెన్

ఎండోమెట్రియం పెరగడానికి కావలసింది ఈస్ట్రోజెన్. ఆరోగ్యంగా ఉన్న ఎండోమెట్రియంలో దాన్ని తయారుచేసే అరోమటేజ్ ఎంజైము దాదాపు ఉండదు. పొర తనకు కావలసిన ఈస్ట్రోజెన్ కోసం అండాశయం మీదే ఆధారపడుతుంది. మచ్చలో మాత్రం అరోమటేజ్ చురుగ్గా ఉంటుందని 1990ల్లో బయటపడింది. ఊరి కొళాయి కట్టేసినా పెరట్లో సొంత బోరు నడుస్తున్నట్టు, మచ్చ తన ఈస్ట్రోజెన్ తానే తయారుచేసుకుంటుంది.

ఈ బోరును నడిపేది ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనే రసాయనం. నెలసరి నొప్పికి, వాపుకు కారణమయ్యేదీ అదే. ప్రోస్టాగ్లాండిన్ అరోమటేజ్‌ను రేపుతుంది, అరోమటేజ్ ఈస్ట్రోజెన్‌ను పెంచుతుంది, ఈస్ట్రోజెన్ మళ్లీ ప్రోస్టాగ్లాండిన్‌ను పెంచుతుంది. నొప్పీ పెరుగుదలా ఒకదాన్నొకటి ఎగదోసుకునే చక్రం ఇది.

కణం ఆ ఈస్ట్రోజెన్‌ను అందుకునే తీరు కూడా మారిపోతుంది. మచ్చలోని స్ట్రోమా కణాల్లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ బీటా, మామూలు ఎండోమెట్రియంలో కంటే 100 రెట్లకు పైగా ఎక్కువ ఉన్నట్టు షికాగోలో సెర్దార్ బులున్ బృందం చూపింది. ఆ జన్యువును అదుపులో ఉంచే మిథైల్ గుర్తులు చెరిగిపోవడమే దానికి కారణం. డీఎన్ఏ అక్షరాలు మారకుండానే జన్యువు గొంతు పెరగడం అన్నమాట.

ఈస్ట్రోజెన్‌కు పగ్గం వేసేది ప్రొజెస్టిరాన్. అండం విడుదలయ్యాక అది పెరిగి, పొర పెరుగుదలను ఆపి, స్ట్రోమా కణాలను పిండానికి చోటిచ్చే స్థితికి తెస్తుంది. ఈస్ట్రాడయోల్‌ను బలహీనమైన ఈస్ట్రోన్‌గా మార్చే ఎంజైమునూ పెంచుతుంది. మచ్చ కణాల్లో ప్రొజెస్టిరాన్ రిసెప్టర్లు, ముఖ్యంగా బీ రకం, బాగా తక్కువ. హార్మోన్ వచ్చినా కణం దాని మాట వినదు. దీన్నే ప్రొజెస్టిరాన్ రెసిస్టెన్స్ అంటారు. సంతానలేమి కథలో ఈ పదం మళ్లీ వస్తుంది. ఎందుకంటే ఈ మొండితనం మచ్చల దగ్గరే ఆగదు, చాలామందిలో గర్భాశయం లోపలి అసలు పొరలోనూ కొంతమేర ఉంటుంది.

42 చోట్లు: జన్యువుల్లో ఉన్నది ఎంత?

కవల అక్కచెల్లెళ్ల మీద ఆస్ట్రేలియాలో, స్వీడన్‌లో జరిగిన అధ్యయనాల ప్రకారం, ఈ జబ్బు వచ్చే అవకాశంలో మనుషుల మధ్య ఉన్న తేడాలో సుమారు సగం వంశపారంపర్యం. 2023లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన అధ్యయనం ఈ జబ్బున్న 60,674 మంది జన్యువులను, లేని 7,01,926 మంది జన్యువులతో పోల్చింది. డీఎన్ఏలో 42 చోట్ల తేడాలు తేలాయి. కొన్ని హార్మోన్లకు సంబంధించినవి, కొన్ని నొప్పిని గ్రహించే వ్యవస్థకు సంబంధించినవి. మైగ్రేన్, వెన్నునొప్పి లాంటి ఇతర నొప్పులతోనూ జన్యుపరమైన బంధుత్వం కనిపించింది. ‘నొప్పికి ఓర్చుకోలేదు’ అని ఆడపిల్లను తప్పుపట్టే ముందు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. ఆ నొప్పికి డీఎన్ఏలో వేళ్లున్నాయి.

ఈ లక్షల మందిలో దాదాపు అందరూ యూరప్ మూలాల వాళ్లు, కొద్దిమంది తూర్పు ఆసియా వాళ్లు. మన దేశపు ఆడవాళ్ల లెక్క అందులో లేదు. ఆ ఖాళీ పూరించడానికి ముంబయిలోని ఐసీఎంఆర్ పునరుత్పత్తి పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో, వివిధ ప్రాంతాల ఆస్పత్రులతో కలిసి ఒక ప్రాజెక్టు చేపట్టారు.

పుట్టుకతో వచ్చే జన్యు తేడాలు ఒక ఎత్తయితే, మచ్చ కణాల్లో మధ్యలో పుట్టుకొచ్చే మార్పులు మరో ఎత్తు. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, లోతుకు పాకిన ఎండోమెట్రియోసిస్ ఉన్న 24 మందిలో 19 మంది మచ్చల్లో అలాంటి మార్పులు దొరికాయి. ఐదుగురిలో అవి కేఆర్‌ఏఎస్, పీఐకే3సీఏ లాంటి, క్యాన్సర్లలో తరచూ కనిపించే జన్యువుల్లో ఉన్నాయి. ఈ ఆడవాళ్లెవరికీ క్యాన్సర్ లేదు. కణం చొచ్చుకుపోయే గుణాన్ని, చావు తప్పించుకునే గుణాన్ని ఎలా సంపాదిస్తోందో ఈ పరిశోధన చూపింది.

ఇది చదివి భయపడనక్కర్లేదు. యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం ఈష్రే 2022 మార్గదర్శకాల ప్రకారం, మామూలు స్త్రీకి జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.3 శాతం, ఎండోమెట్రియోసిస్ ఉంటే 2.5 శాతం. అంటే 100 మందిలో 97 మందికి పైగా అది రాదు.

20 నుంచి 2కు: నెలనెలా తగ్గే అవకాశం

ఇప్పుడు పిల్లల సంగతి. అమెరికన్ సొసైటీ ఫర్ రీప్రొడక్టివ్ మెడిసిన్ లెక్కల ప్రకారం, ఏ ఇబ్బందీ లేని జంటకు ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం 15 నుంచి 20 శాతం. ఎండోమెట్రియోసిస్‌కు చికిత్స తీసుకోని స్త్రీకి అది 2 నుంచి 10 శాతం.

నెల లెక్కను ఏడాదికి మార్చి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. ప్రతి నెలా అవకాశం ఒకేలా ఉంటుందనుకుందాం. నెలకు 15 నుంచి 20 శాతం ఉన్న 100 జంటల్లో ఏడాది తిరిగేసరికి 86 నుంచి 93 జంటలకు గర్భం నిలుస్తుంది. నెలకు 10 శాతమైతే 72 జంటలకు, 5 శాతమైతే 46 జంటలకు, 2 శాతమైతే 22 జంటలకు.

ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లలో 30 నుంచి 50 శాతం మందికి గర్భం దాల్చడంలో ఇబ్బంది ఉంటుంది. పిల్లలు కలగక వైద్యానికి వచ్చే ఆడవాళ్లలో 25 నుంచి 50 శాతం మందిలో ఈ జబ్బు కనిపిస్తుంది. అదే సమయంలో, జబ్బు ఉన్నవాళ్లలో సగం మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఆ ఇబ్బంది లేకుండానే తల్లులవుతున్నారు. రిపోర్టులో ఈ పేరు కనిపించగానే ‘ఇక పిల్లలు పుట్టరు’ అని తీర్పు చెప్పడానికి ఏ ఆధారమూ లేదు.

నాలుగు అడ్డంకులు

గర్భం నిలవాలంటే అండం బయటికి రావాలి, ట్యూబు దాన్ని పట్టుకోవాలి, శుక్రకణం దాన్ని చేరాలి, పిండం గర్భాశయంలో కుదురుకోవాలి. ఎండోమెట్రియోసిస్ ఈ దారి పొడవునా ఎక్కడైనా అడ్డుపడగలదు.

మొదటిది అతుకులు. ట్యూబు చివర వేళ్లలాంటి కుచ్చులు అండాశయం మీదికి వంగి అండాన్ని అందుకుంటాయి. అండాశయం ఎక్కడో అతుక్కుపోతే, లేదా ట్యూబు మెలికపడితే ఆ అందుకోవడం జరగదు. జబ్బు ముదిరిన వాళ్లలో ఇదే ముఖ్య కారణం.

రెండోది పొత్తికడుపులోని ద్రవం. ఇంటర్‌ల్యూకిన్ 6, టీఎన్ఎఫ్ ఆల్ఫా లాంటి వాపు రసాయనాలు అందులో ఎక్కువ. శుక్రకణాల కదలికనూ, అండానికి అవి అతుక్కోవడాన్నీ ఆ ద్రవం దెబ్బతీస్తుందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. మచ్చలు నాలుగైదే ఉన్నా, అతుకులు లేకపోయినా గర్భం ఆలస్యం కావడానికి ఇదొక కారణం.

మూడోది అండాశయం. ఎండోమెట్రియోసిస్ అండాశయంలో చేరితే చాక్లెట్ సిస్ట్ అవుతుంది. ఆపరేషన్‌లో దానికి గంటు పడగానే చిక్కటి ముదురు గోధుమరంగు ద్రవం బయటికి వస్తుంది. నెలల తరబడి నిలవున్న పాత రక్తం అది. అందులోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి కణాలను కాల్చే ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. పక్కనే ఉన్న అండాశయపు పైపొరలో స్త్రీ జీవితాంతానికి సరిపడా అండాలు నిద్రావస్థలో ఉంటాయి. పుట్టినప్పుడు 10 నుంచి 20 లక్షలుండే ఈ అండాలు రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలకు తగ్గుతాయి. కొత్తగా పుట్టవు. సిస్ట్ చుట్టూ వాపు, గట్టిపడటం వల్ల ఆ నిల్వ ఇంకా తొందరగా తరుగుతుంది.

నాలుగోది గర్భాశయం లోపలి పొర. 28 రోజుల చక్రంలో సుమారు 20వ రోజు నుంచి 24వ రోజు వరకే ఆ పొర పిండాన్ని స్వీకరించగలదు. ప్రొజెస్టిరాన్ ఆజ్ఞతో హెచ్ఓఎక్స్ఏ10 అనే జన్యువు ఆ రోజుల్లో పెరగాలి. ఎండోమెట్రియోసిస్ ఉన్న ఆడవాళ్లలో అది పెరగాల్సినంత పెరగడం లేదని 1999లో ఒక అధ్యయనం చూపింది. ప్రొజెస్టిరాన్ మాటను కణం వినకపోవడం ఇక్కడ పిండానికి తగులుతుంది.

వీటికి తోడు, కలయికలో నొప్పి వల్ల దగ్గరవడమే తగ్గిపోయే జంటలూ ఉన్నాయి. సిగ్గుపడి దాచే విషయం కాదిది. డాక్టరుకు తప్పక చెప్పాల్సిన లక్షణం.

అండమా, గర్భాశయమా?

ఈ నాలుగింటిలో ఏది బరువైనదో తేల్చడానికి స్పెయిన్‌లోని వలెన్సియా పరిశోధకులు అండదానం వైపు చూశారు. 1994లో వాళ్లు గమనించింది ఇదీ: ఎండోమెట్రియోసిస్ ఉన్న స్త్రీల అండాలతో తయారైన పిండాలు, వేరే స్త్రీల గర్భాశయంలో పెట్టినా తక్కువగా నిలిచాయి. 2000లో అదే నగరం నుంచి మరో అధ్యయనం వచ్చింది. ఒకే దాత అండాలను, తీవ్రమైన ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ పంచి పెట్టారు. రెండు గుంపుల్లోనూ పిండాలు దాదాపు ఒకేలా నిలిచాయి. ముల్లు అండం వైపే ఎక్కువ మొగ్గింది. అయితే దానపు అండం పెట్టే ముందు గర్భాశయపు పొరను బయటి హార్మోన్లతో సిద్ధం చేస్తారు. సహజ చక్రంలో ఆ పొర తీరు వేరుగా ఉండొచ్చు.

ఐవీఎఫ్ ఫలితాల లెక్క కూడా కాలంతో మారింది. 2002లో 22 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ట్యూబుల సమస్య ఉన్నవాళ్లతో పోలిస్తే ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లలో గర్భం నిలిచే అవకాశాల నిష్పత్తి 0.56గా తేలింది. అమెరికాలో 2008 నుంచి 2010 వరకు జరిగిన 3,47,185 ఐవీఎఫ్ చక్రాలను 2016లో విశ్లేషిస్తే చిత్రం మారింది. వేరే సమస్యలేవీ లేకుండా ఎండోమెట్రియోసిస్ ఒక్కటే ఉన్నవాళ్లకు, మిగతా కారణాలున్న వాళ్లతో సమానంగా లేదా కాస్త మెరుగ్గా పిల్లలు పుట్టారు. ఇంకో సమస్య తోడైన వాళ్లలోనే ఫలితాలు తగ్గాయి.

30.7, 17.7, 1.13: ఆపరేషన్ తూకం

‘మచ్చలు తీసేస్తే పిల్లలు పుడతారా?’ అన్న ప్రశ్నకు కెనడాలో 341 మందితో చేసిన పరీక్ష 1997లో సమాధానం ఇచ్చింది. తేలికపాటి జబ్బున్న వాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు లాప్రోస్కోపీలో మచ్చలు తీసేశారు, రెండో గుంపుకు చూసి వదిలేశారు. 36 వారాల్లో మొదటి గుంపులో 30.7 శాతం మందికి, రెండో గుంపులో 17.7 శాతం మందికి గర్భం నిలిచి 20 వారాలు దాటింది. తేడా 100 మందిలో 13 మంది. అంటే సుమారు ఎనిమిది మందికి మచ్చలు తీస్తే ఒకరికి అదనంగా గర్భం నిలుస్తుంది. ఆ తర్వాత ఇటలీలో సుమారు 100 మందితో చేసిన చిన్న పరీక్షలో ఈ మేలు కనిపించలేదు. మేలు ఉంది, అది ఓ మోస్తరుది అనుకోవడం సబబు.

చాక్లెట్ సిస్ట్ ఆపరేషన్‌కు మరో తూకం కావాలి. చాలా సిస్టుల గోడ విడిగా పుట్టిన సంచి కాదు, లోపలికి ముడుచుకుపోయిన అండాశయపు పైపొరే అని 1957లోనే హ్యూస్డన్ అనే పాథాలజిస్టు చూపాడు. అండాలు ఉండేది ఆ పైపొరలోనే. గోడను ఒలిచి తీసినప్పుడు కొన్ని అండాలు కూడా దాంతోపాటే పోతాయి. 2012లో 8 అధ్యయనాల్లోని 237 మంది ఫలితాలను కలిపి చూస్తే, అండాల నిల్వను సూచించే ఏఎంహెచ్ ఆపరేషన్ తర్వాత సగటున మిల్లీలీటరుకు 1.13 నానోగ్రాములు పడిపోయింది. ఏఎంహెచ్ మొదటే 2 దగ్గర ఉన్న స్త్రీకి ఇది చిన్న నష్టం కాదు. ఐవీఎఫ్‌కు ముందు సిస్ట్‌ను మామూలుగా తీసేయవద్దని ఈష్రే చెప్పడానికి కారణం ఇదే. నొప్పి భరించలేనిదైతే, సిస్ట్‌లో క్యాన్సర్ ఉందేమోనన్న అనుమానం ఉంటే, అండం తీయడానికి అడ్డుపడుతుంటే అప్పుడు ఆపరేషన్ మాట వేరు. రెండు వైపులా సిస్టులున్నా, ఇంతకుముందే ఒకసారి ఆపరేషన్ అయినా, ముందే అండాలు తీసి నిల్వ చేసుకునే వీలు గురించి అడగాలి.

మందుల విషయంలో ఒక గందరగోళం తరచూ కనిపిస్తుంది. రోజుకు 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్, గర్భనిరోధక మాత్రలు, జీఎన్ఆర్‌హెచ్ ఇంజెక్షన్లు నొప్పి తగ్గించడంలో బాగా పనిచేస్తాయి. కానీ అవి అండం విడుదలను ఆపి పనిచేస్తాయి. వాడినన్నాళ్లూ సాధారణంగా గర్భం రాదు, ఆపాక గర్భం వచ్చే అవకాశం అదనంగా పెరగదు. సహజంగా గర్భం కోసం ప్రయత్నిస్తున్న జంటను ‘ముందు ఆరు నెలలు మందులు వాడి చూద్దాం’ అని కూర్చోబెడితే, ఆరు నెలల వయసు తప్ప వచ్చేదేమీ ఉండదు.

ఆపరేషన్ జరిగితే రిపోర్టులో స్టేజీ రాస్తారు. 1 నుంచి 5 పాయింట్లు మొదటి స్టేజీ, 6 నుంచి 15 రెండోది, 16 నుంచి 40 మూడోది, 40 దాటితే నాలుగోది. ఇది మచ్చలు, అతుకులు ఎంతమేర ఉన్నాయో చెబుతుందే గానీ, నొప్పినీ గర్భం వచ్చే అవకాశాన్నీ సరిగా చెప్పదు. అందుకే 2010లో ఆడమ్సన్, పాస్తా కలిసి ఎండోమెట్రియోసిస్ ఫెర్టిలిటీ ఇండెక్స్ తయారుచేశారు. వయసు, ఎన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నారు, ఇంతకుముందు గర్భం వచ్చిందా, ట్యూబులూ అండాశయాలూ ఎలా పనిచేస్తున్నాయి అన్నవి కలిపి 0 నుంచి 10 మధ్య ఒక అంకె ఇస్తుంది. అది ఎక్కువుంటే కొన్నాళ్లు సహజంగా ప్రయత్నించవచ్చు. తక్కువుంటే నేరుగా ఐవీఎఫ్‌కు వెళ్లడం మేలు. ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరూ స్టేజీతోపాటు ఈ స్కోరు కూడా అడిగి తీసుకోవాలి.

4 నుంచి 12 ఏళ్లు: మనం మార్చగలిగిన అంకె

జన్యువులను మనం మార్చలేం. రిసెప్టర్లను ఇంకా సరిదిద్దలేకపోతున్నాం. మార్చగలిగింది ఆలస్యం. లక్షణాలు మొదలయ్యాక జబ్బు గుర్తించడానికి సగటున 4 నుంచి 12 ఏళ్లు పడుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 16 ఏళ్లకు నొప్పి మొదలైన అమ్మాయికి 28 ఏళ్లకు పేరు తెలియడం అంటే, అండాల నిల్వను కాపాడుకోవడానికి ఉన్న మంచి సంవత్సరాలు చేజారిపోవడమే.

గుర్తించడానికి ఒకప్పుడు లాప్రోస్కోపీ తప్పనిసరి అనేవారు. 2022 ఈష్రే మార్గదర్శకాలు ఆ షరతు తీసేశాయి. లక్షణాలు విని, పరీక్షించి, అనుభవమున్న వాళ్లతో అల్ట్రాసౌండ్ లేదా ఎమ్మారై చేయించి చికిత్స మొదలుపెట్టవచ్చు. చాక్లెట్ సిస్టులూ, లోతైన మచ్చలూ స్కానింగులో కనిపిస్తాయి. పైపై మచ్చలు కనిపించవు. కాబట్టి స్కాన్ నార్మల్ అని వచ్చినంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు. సీఏ125 రక్తపరీక్ష మీద ఆధారపడి జబ్బు ఉందనీ లేదనీ తేల్చకూడదు.

మన రెండు రాష్ట్రాలకు సంబంధించి ఇంకో అంకె ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్న వాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. వీటన్నిటికీ కారణం ఎండోమెట్రియోసిస్ కాదు. అయినా పొత్తికడుపు నొప్పికీ, ఎక్కువ రక్తస్రావానికీ గర్భసంచి తీసేయడమే తొలి పరిష్కారంగా అలవాటైన చోట, ఒక సంగతి గట్టిగా చెప్పుకోవాలి. ఎండోమెట్రియోసిస్ మచ్చలు ఉండేది గర్భాశయం బయట. వాటిని వదిలేసి గర్భసంచి తీస్తే, తల్లయ్యే అవకాశం పోతుంది, నొప్పి మాత్రం మిగిలిపోవచ్చు.

నెలసరి నొప్పి వల్ల బడి మానేస్తున్న అమ్మాయిని, మామూలు నొప్పి మాత్రలకు లొంగని నొప్పిని, నెలసరి రోజుల్లో మల విసర్జనకు కూర్చోలేని బాధను ఆరు నెలలకు మించి ఇంట్లో పెట్టుకోవద్దు. గైనకాలజిస్టుకు చూపించి ‘ఎండోమెట్రియోసిస్ కావచ్చా?’ అని నోరు తెరిచి అడగండి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న జంట మామూలుగా ఏడాది, 35 దాటితే ఆరు నెలలు ఆగి పరీక్షలకు వెళ్లాలన్నది నియమం. జబ్బు ముందే తెలిసినవాళ్లు, గట్టి అనుమానం ఉన్నవాళ్లు ఆ గడువు కోసం ఆగనవసరం లేదు. ఏఎంహెచ్ చేయించుకోండి, భర్తకు వీర్యపరీక్ష చేయించండి, ఆపరేషన్ చెబితే అండాల నిల్వ మీద దాని ప్రభావం ఎంతో అడగండి. కణంలో మొదలైన తేడాను మనం ఆపలేకపోయినా, ఆ కణానికి ఇంకో పదేళ్లు వదిలేయకుండా ఉండటం మన చేతుల్లోనే ఉంది.